కుందేలుకు పోసిన నీళ్ళు

మొన్న నయా రాయపూర్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులోకి ఎదురింటి పిల్ల ఒక అట్టపెట్టె పట్టుకుని ఎక్కింది. పెట్టెకు చిల్లులున్నాయి. ఒక చిల్లులోంచి గులాబిరంగు ముక్కు అదురుతూ కనిపించింది. "ఆంటీ, ఖర్‌గోశ్ కో నహలానా పడ్‌తా హై క్యా?" అంది, కుందేలుకు స్నానం చేయించాలా అని. "నహీ! బిల్‌కుల్ నహీ!" అస్సలు వద్దని నేనరిచిన అరుపుకు పాపం ఆ పిల్ల లిఫ్టు గోడకు అతుక్కుపోయింది.

ఇరవై ఏళ్ళ క్రితం మేం రాయపూర్ పక్కనే ఉన్న బీర్‌గావ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన రోలింగ్ మిల్లులో ఫిట్టరు. కార్ఖానాల మసి రోజంతా ఇంట్లోకి రాలేది. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి మా పాదాల గుర్తులు పడేవి. నాకేమో శుభ్రం పిచ్చి. రోజుకు మూడుసార్లు ఇల్లు తుడుస్తుంటే, "నిన్ను మునిసిపాలిటీకి అప్పజెప్పీసినా ఊరు బాగుపడును" అని మా ఆయన ఏడిపించేవారు. ఆ వీధిలో నాకు ఇంకో పేరు కూడా ఉండేది, పసిపిల్లలకు నీళ్ళు పోయడంలో మంచి చెయ్యని. మా శ్రీకాకుళంవైపు పద్ధతిలో కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళమీద పడుకోబెట్టి, నలుగుపెట్టి నీళ్ళు పోస్తే ఎంత గుక్కపట్టే పిల్లయినా కళ్ళు మూసేది. తెలుగువాళ్ళే కాదు, ఛత్తీస్‌గఢీ వాళ్ళూ కబురుపెట్టేవారు. ఆ పొగరు నాకు బాగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ చలికాలంలో మా ఆడపడుచును వాళ్ళాయన తెచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళాడు. తొలికాన్పు బిడ్డ తొమ్మిదో రోజున పోయాడు. ఇంకా పేరైనా పెట్టలేదు. ఊరు మారితే మనసు మళ్ళుతుందని పెద్దవాళ్ళ ఆశ. ఇక్కడికొచ్చి నెల గడిచినా ఆ పిల్ల నోటినుంచి మాట రాలేదు. పెడితే తినేది, లేకపోతే గోడ చూస్తూ పడుకునేది. అప్పుడే పక్కింటి దీదీ తమ్ముడు ఊరు మారుతూ, తన కుందేలును ఎవరికైనా ఇచ్చేయాలంటే నేనే అడిగి తెచ్చాను. తెల్లగా, దూదిలా ఉండేది.

తెచ్చిన గంటలోనే అది మంచం కిందికి దూరింది. రెండురోజులు పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు. క్యారెట్ చూపించాను, బతిమాలాను, చివరికి చీపురుకట్టతో ఇవతలికి తోయబోయాను. నేనేం చేసినా ఇంకాస్త లోపలికి పోయేది. "అక్కడే కాపరం పెట్టీసింది, వదిలీవే" అని మా ఆయన నవ్వారు. అప్పుడు మా ఆడపడుచు మంచం దిగి గచ్చు మీద బోర్లా పడుకుంది. పిలవలేదు, చెయ్యి చాపి పట్టుకోబోలేదు. అరచేతిలో నాలుగు కొత్తిమీర కాడలు పెట్టుకుని పూటలకు పూటలు అలా ఉండిపోయింది. మూడోరోజు సాయంత్రం నేను వంటింట్లో ఉండగా కేక వినబడింది. "వదినా, తినీసిందే!" నెల తర్వాత విన్న మొదటి మాట. కత్తిపీట ముందు కూర్చునే ఏడ్చాను. ఆ పూట అన్నం తనే అడిగి పెట్టించుకుంది. కుందేలుకు పేరేం పెడదామే అంటే, "ఇరవయ్యొకటో రోజున పెడదాం వదినా. అందాకా ఉండనీ" అంది. నేను మొహం తిప్పుకున్నాను.

తర్వాత అది ఆమె వెనకే తిరిగేది. ఆమె కూర్చుంటే చీర కుచ్చెళ్ళ మీద పడుకునేది. వారం తిరిగేసరికి మసికి బూడిదరంగు తేలింది. ఆరోజు శుక్రవారం. అందరి తలంట్లూ అయ్యాయి, మా ఆడపడుచు జుట్టు ఆరబోసుకుని నిద్రపోయింది. లేచేసరికి దాన్ని మల్లెపువ్వులా చేసి చూపిద్దామనిపించింది నాకు. వేడినీళ్ళు మోచేత్తో చూసుకున్నాను, కుంకుడు రసం తీశాను, కాళ్ళు చాపుకుని దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను. కిమ్మనకుండా పడుకుంది. ఎంత హాయిగా ఉందో దీనికి అని నన్ను నేనే మెచ్చుకున్నాను. వెల్లకిలా వేస్తే కుందేలు భయంతో బిగుసుకుపోతుందని, ఒళ్ళు తడిస్తే తట్టుకోలేదని ఆ మధ్యాహ్నం పశువుల డాక్టరు చెబితే తెలిసింది. అప్పటికే ఎండలో పెట్టినా, తువ్వాల్లో చుట్టినా దాని వణుకు ఆగడం లేదు. "ఖర్‌గోశ్ కో కౌన్ నహలాతా హై, బహన్‌జీ?" అన్నాడాయన విసుగ్గా, కుందేలుకు ఎవరైనా స్నానం చేయిస్తారా అని. ఆసుపత్రి వరండాలో, మా ఆడపడుచు ఒళ్ళోనే అది పోయింది.

ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. రిక్షాలో ఇంటికొస్తూ, "నీళ్ళు ఏడిగానే పోసుంటావులే వదినా" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు. తిట్టినా బాగుండేది. మర్నాటినుంచి మళ్ళీ గోడవైపు తిరిగింది. నాకు తెలిసిన ఏ వంటా, ఏ మాటా ఆ పిల్లను ఇటు తిప్పలేకపోయాయి. నెల తర్వాత వాళ్ళాయన వచ్చి తీసుకెళ్ళాడు.

తర్వాత ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రెండు పురుళ్ళకూ సాయానికి వెళ్ళాను. బిడ్డకు నీళ్ళు పోసే వేళకు మాత్రం, "నువ్వు కూకో వదినా, అలిసిపోయొచ్చినావు" అని వీధి చివర ముసలమ్మకు కబురుపెట్టేది. నొప్పించాలని కాదు, నాకు తెలుసు. నేను వరండాలో కూర్చుని లోపలి చెంబు చప్పుడు వినేదాన్ని. ఇప్పటికీ ఫోనులో గంటలు మాట్లాడుకుంటాం, ఆ శుక్రవారం సంగతి తప్ప. క్షమించమని ఇవాళ కాదు రేపు అడుగుదామనుకుంటూ ఇరవై ఏళ్ళు దాటించేశాను. ఇప్పుడు అడిగితే ఆమెకు ఒరిగేదేమీ లేదు, నాకు కాస్త నిద్ర పడుతుందంతే. ఆ మాటకంటూ ఒక సమయం ఉండేది, నేను చూస్తుండగానే దాటిపోయింది.