అభ్యంతరాల పిన్ని

వీధిలో ఆవిడ అసలు పేరు పోస్టుమన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నాపెద్దా అందరికీ అభ్యంతరాల పిన్నే. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుట్టుకునే మనిషికి ఈ బిరుదు రావడానికి కారణం కరెంటు కంపెనీ. ఒకసారి వాళ్ళు వచ్చి, ఇంట్లో వ్యాపారం జరుగుతోంది కాబట్టి దుకాణం రేటు కట్టాలన్నారు. మంచం పక్కనున్న మిషనుకు దుకాణం రేటేమిటని పిన్నికి ఒళ్ళు మండింది. రేట్లు ఖరారు చేసేది కంపెనీ కాదనీ, దాని పైన ఒక కమిషన్ ఉందనీ, అది ఏటా బహిరంగ విచారణ పెడుతుందనీ, ముందుగా రాసిచ్చిన ఎవరైనా అక్కడ నిలబడి అభ్యంతరం చెప్పుకోవచ్చనీ ఎవరో అన్నారు. వెళ్ళింది, చెప్పింది. ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు ఇంటి రేటే అని ఆ ఏడాది ఆర్డరు వచ్చింది.

ఇంకేముంది, రుచి మరిగింది. ఆ తర్వాత ఒక్క విచారణ తప్పిస్తే ఒట్టు. నిజం చెప్పుకోవాలంటే మళ్ళీ గెలిచింది తక్కువే. మీటరుకు అద్దె ఎందుకని అడిగితే “గమనించాం” అన్నారు. మీ వైర్లలో కారిపోయిన కరెంటు ఖర్చు మా నెత్తిన ఎందుకు రుద్దుతారంటే అదీ గమనించామన్నారు. మనిషికి అయిదు నిమిషాలు, ఆపైన గంట కొడతారు. గంట కొట్టకముందు పిన్ని మైకు వదిలింది లేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని సొంత చెల్లెలే అంటుంది. అయినా కరెంటు బిల్లు అర్థం కానివాళ్ళందరూ ముందు తట్టేది పిన్ని తలుపే.

పిన్ని ఉండే ఇంటిని మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. అవతలి వాటాలో డ్రాయింగు మాష్టారు, ఆయన భార్య ఉంటారు. మాష్టారికి ఊపిరితిత్తులు పాడైపోయి, ఇంట్లోనే ఆక్సిజన్ మెషీన్ పెట్టారు. ముక్కుకు గొట్టం తగిలించుకుని మంచం మీద కూర్చుంటే ఆయనకు ప్రాణం కుదుటపడుతుంది. భార్య మధ్యాహ్నాలు బేకరీ కౌంటరులో పనిచేస్తుంది. పగలూ రాత్రీ నడవాల్సిన మెషీన్ కాబట్టి గోడ ఇవతలికి ఎప్పుడూ బుర్రుమని వినిపిస్తూనే ఉంటుంది. పిన్నికి అది అలవాటైపోయింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుంది పిన్ని. తీరా పైకి చూస్తే తన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అటు పరిగెత్తింది. మాష్టారు కిటికీ దగ్గర, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, నోటితో గాలి పీల్చుకుంటున్నారు.

“ఆపేశారేమిటండీ?”

“స్లాబు దాటిపోతుంది పిన్నిగారూ.” మాటకీ మాటకీ మధ్య ఆగారు. “ఆ గీత దాటితే మొదటి యూనిట్ నుంచీ పై రేటే కదా. మీరే చెప్పారు.”

నిజమే, చెప్పింది పిన్నే. ఎంతో వివరంగా, మాష్టారు మెచ్చుకునేదాకా చెప్పింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

“ఆవిడకి చెప్పకండి. ఉద్యోగం మానేసి నా పక్కన కూర్చుంటుంది. అప్పుడు మామూలు బిల్లు కూడా కట్టలేం. మధ్యాహ్నం కాస్త ఓర్చుకుంటాను. మాటివ్వండి.”

పిన్ని మాటిచ్చింది. ఆ రాత్రే కూర్చుని కొత్త అభ్యంతరం రాసింది. ఊపిరి మెషీన్లు ఉన్న ఇళ్ళకు స్లాబు వద్దు, వేరే రేటు పెట్టండి అని. మెషీన్ ఆపడం గురించి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

విచారణ రోజున మాష్టారి దగ్గర ఆయన తమ్ముణ్ణి కూర్చోబెట్టి, భార్య బేకరీకి సెలవు పెట్టి వచ్చింది. మా కోసమే కదా మాట్లాడుతున్నారు, పక్కన నేనుండాలి అంది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద కమిషన్ ఛైర్మన్, ఆయనకు కుడివైపు కంపెనీ ఇంజనీరు. పిన్ని తన అభ్యంతరం బాగానే చదివింది. ఇంజనీరు మర్యాదగా లేచాడు.

“అలాంటి ఇళ్ళ వాడకం తీయించి చూశామండి. మెషీన్ ఉన్నా దాదాపు అందరూ కింది స్లాబులోనే ఉన్నారు. ఎవరిమీదా భారం పడటం లేదు. వేరే రేటు అవసరం లేదు.”

ఛైర్మన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. “దీనికి మీరేమంటారమ్మా?”

 పిన్నికి జవాబు తెలుసు. ఆ హాల్లో అది తెలిసింది బహుశా తనొక్కదానికే. చెబితే మాష్టారికి ఇచ్చిన మాట పోతుంది, అదీ ఎవరికి తెలియకూడదన్నారో ఆవిడ ముందే. చెప్పకపోతే ఇంజనీరు మాటే ఖాయమవుతుంది, మధ్యాహ్నాలు అలాగే గడుస్తాయి. మాష్టారి భార్య, ఇంకేముంది, ఇప్పుడు పిన్ని దులిపేస్తుంది అన్నట్టు ధీమాగా చూస్తోంది. ఆ ధీమా చూసి పిన్నికి ఏడుపొచ్చింది.

“తక్కువ ఎందుకుందంటే, ఆపుకుంటున్నారు బాబూ,” అంది చివరికి. “స్లాబు దాటుతుందని మెషీన్ ఆపేసి కూర్చుంటున్నారు. మా గోడ అవతలే జరుగుతోంది. ఇంట్లో మనిషి పనికి వెళ్ళగానే, రోజూ.”

గంట కొట్టకముందే మైకు వదిలేసింది. ఛైర్మన్ గమనించామనలేదు. ఇంజనీరు వైపు తిరిగి, “ఆపుతున్నారేమోనని ఎవరినైనా అడిగారా?” అన్నాడు. ఇంజనీరు కాగితాలు తిరగేశాడు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. టిక్కెట్లు తీసుకున్నాక మాష్టారి భార్య అడిగింది.

“ఎప్పట్నుంచి?”

“ఎండలు ముదిరినప్పట్నుంచి.”

“మీకు తెలుసు.”

“తెలుసమ్మా. ఒట్టేయించుకున్నారు.”

“మీ నోట్లో ఏదీ ఆగదంటారు. ఇదొక్కటే ఎలా ఆగింది పిన్నిగారూ?”

పిన్ని మొహం తిప్పుకుంది. దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

వర్షాలు మొదలయ్యాక ఆర్డరు వచ్చింది. డాక్టరు ఉత్తరం చూపిస్తే మెషీన్‌కి వేరే రేటు. అయితే అదంతా తర్వాతి సంగతి. విచారణ మర్నాడు పొద్దున్న ఇంకా ఏ ఆర్డరూ లేదు, మధ్యాహ్నం మాత్రం ఎప్పటిలాగే వచ్చేలా ఉంది. పిన్ని కాఫీ తాగుతుండగా గోడ అదిరింది. అవతలినుంచి డ్రిల్లింగు. చూస్తుండగానే పిడికెడు సున్నం రాలి, గుప్పెడంత కన్నం పడింది. ఆ కన్నంలోంచి ముందు వైరు, ఆ వెనక సన్నటి గొట్టం కొస ఇవతలికి వచ్చాయి. కాసేపటికి మాష్టారి భార్య, ఎలక్ట్రీషియన్ కలిసి ఆక్సిజన్ మెషీన్‌ని మోసుకుని పిన్ని వాకిట్లో నిలబడ్డారు.

మంచం జరిపి, కుట్టుమిషను పక్కన దాన్ని దించారు. గొట్టం తగిలించి ఆవిడే స్విచ్ వేసింది.

“కరెంటు మా మీటరుదే, వైరు నేరుగా దానికే కలిపించాను,” అంది. “ఇక్కడైతే స్విచ్‌కి ఆయన చెయ్యి అందదు. మీరెలాగూ రోజంతా ఇక్కడే ఉంటారు.”

“ఉంటానమ్మా.”

అవతలినుంచి మాష్టారు, నన్నొక్క మాటైనా అడిగారా అంటున్నారు. ఆవిడ వినిపించుకోలేదు. చేతికంటిన సున్నం కొంగుకు తుడుచుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“మధ్యాహ్నం ఆపమని బతిమాలతారు. మాటివ్వమంటారు.” ఆవిడ వెనక్కి తిరిగింది. “ఈసారి ఇవ్వకండి పిన్నిగారూ.”

ఇవ్వనంది పిన్ని.