కరక్కాయ నీళ్ళకు ఆధారం

నా మనవరాలు రాసిన ఎనిమిది పేజీల వ్యాసంలో ఒక్క పేరా నాది. సరిగ్గా ఆ పేరా మీదే వాళ్ళ ప్రొఫెసర్ ఎర్రగీత కొట్టి, ఇది ఇంట్లో చెప్పుకునే కథ, ఆధారం చూపించు, లేదంటే తీసెయ్యి అని పక్కన రాశాడు. అది కథ కాదు. డెబ్బై ఆరేళ్ళ వయసులో, అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటి వంటింట్లో కూర్చుని, ఆ ఎర్రగీతను ఫోన్‌లో రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసినప్పుడు, ఎప్పుడో యాభై ఏళ్ళ కింద ఒక ఇంజనీరు మీద వచ్చి మింగేసిన కోపం కూడా కలిసి పైకొచ్చింది. చేత్తో పని చేసి బతికిన నా ఈడువాళ్ళకు ఈ సంగతి వేరే విడమర్చి చెప్పనక్కర్లేదు.

పిల్ల ఇక్కడే పుట్టింది, ఇక్కడే కాలేజీలో చదువుతోంది. ఈ ఏడు ఒక సెమిస్టర్ రోమ్‌లో చదువుకోవడానికి వెళ్ళింది. అక్కడ వాళ్ళకు బొమ్మలూ భోజనమూ కలిపి ఒకటే క్లాసట. తిండికీ బొమ్మకీ ఏం సంబంధం, డబ్బు కట్టి మరీ ఇదేం చదువు అని నేను ముందు నవ్విన మాట నిజం. ఒక వారం శని, ఆదివారాల్లో క్లాసు మొత్తాన్నీ బస్సెక్కించి కొండ మీద ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళారు. శనివారం పాత చర్చిలో గోడబొమ్మలు చూడడం, ఆదివారం ఆ ఊరి పెద్దావిడ ఒకామె వంటింట్లో పిండి కలపడం నేర్చుకోవడం, తిరిగొచ్చి ఆ రెండింటినీ కలిపి వ్యాసం రాయడం, అదీ వాళ్ళ పని.

శనివారం మాకు పొద్దున్న, ఉప్మా తినే వేళ. పిల్ల చర్చిలోంచి వీడియో కాల్ చేసి ఫోన్‌ను గోడ వెంబడి నెమ్మదిగా తిప్పుతూ చూపించింది. నీలం, ఎరుపు, బంగారు రంగు; రెక్కలున్న దేవదూతలు, గొర్రెలు, ఎవరో తల్లీ బిడ్డా. వందల ఏళ్ళ నాటివట. నాకు వాటి కథలు తెలియవు. నా కళ్ళు మాత్రం ఒక దేవదూత రెక్క పక్కన సన్నగా పాకుతున్న గీత దగ్గర ఆగిపోయాయి.

"అమ్మా, కాస్త ఎడమకి జరుపు. ఇంకాస్త. అదిగో, అతుకు!"

"అతుకంటే ఏంటి తాతా? క్రాకా?"

"క్రాక్ కాదే. నిన్న పూసిన సున్నానికీ ఇవాళ పూసినదానికీ మధ్య గీత. ఆ ముఖం ఒక్కటే వాడికి ఒక రోజు పని పట్టింది చూడు."

"తాతా, నువ్వు పెయింటింగ్ చూడట్లేదు. గోడ చూస్తున్నావ్!"

పొయ్యి దగ్గర్నుంచి మా ఆవిడ అందుకుంది. "పెళ్ళిచూపుల్లోనూ అంతేనే తల్లీ. నన్ను చూళ్ళేదు, మా గోడలు చూసి వెళ్ళారు."

అబద్ధం చెప్పలేదు. వాళ్ళ నాన్న, అంటే మా మామగారు, సున్నప్పనిలో పేరున్న మేస్త్రి. వాళ్ళ నట్టింటి గోడలో నా ముఖం నాకు కనిపించింది. అద్దం కాదు, ఉత్త సున్నమే. అది ఎలా చేశారో తెలుసుకోవాలన్న ఆత్రంలో పెళ్ళికూతురు తలెత్తిందో లేదో కూడా నాకు గుర్తు లేదు.

ఆ అతుకు సంగతి మనవరాలు అక్కడే ప్రొఫెసర్‌ను అడిగితే, నిజమే, తడి సున్నం ఆరేలోగా రంగు వేసెయ్యాలి కాబట్టి ఏ రోజుకు ఎంత వెయ్యగలరో అంతే సున్నం పూసేవారని చెప్పి, గమనించినందుకు మెచ్చుకున్నాడట. మర్నాడు పెద్దావిడ వంటింట్లో పిండిని కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి, అందులో గుడ్లు కొట్టి కలుపుతుంటే, చెక్క మీద వేసే బొమ్మలకు రంగుల్లో ఈ గుడ్డు సొనే కలిపేవాళ్ళని కూడా చెప్పాడట. పిల్ల చేతులకు పిండి అంటుకుని ఉండగానే మళ్ళీ ఫోన్ చేసి, మీరు కూడా గోడల్లో ఫుడ్ కలిపేవాళ్ళా తాతా అని అడిగింది. ఇన్నేళ్ళలో నా పని గురించి మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను ఆ పూట టిఫిన్ సంగతే మరిచిపోయాను.

నాకు పంతొమ్మిదో ఏట పెళ్ళయింది, ఆ వారమే మామగారు నన్ను పనిలో పెట్టారు. అప్పటికే సిమెంటు వచ్చేసింది. పాత లోగిళ్ళకీ సత్రాలకీ మరమ్మతులుంటేనే మా పని. కరక్కాయలు దంచి, బెల్లం వేసి, పెద్ద మట్టి బానల్లో నీళ్ళలో నానబెట్టేవాళ్ళం. రెండో రోజుకు నురగ, నాలుగో రోజుకు కల్లు వాసన, బాన చుట్టూ చీమల బారులు. ఆ నీళ్ళతోనే సున్నం కలిపేది. గోడకు ఆఖరి పూతలో కోడిగుడ్ల తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దేవాళ్ళం. మా పని జరిగే చోటికి కొత్తవాడెవడైనా వస్తే పెళ్ళివంటలనుకునేవాడు. నాకైతే ప్రతిదీ వింతగానే ఉండేది. తీపి నీళ్ళు పోస్తే రాయిలా ఎందుకు గట్టిపడుతుంది, కరక్కాయ ఏం చేస్తుంది, గుడ్డు లేకపోతే ఏమవుతుంది అని మామగారి ప్రాణం తీసేవాణ్ణి. ఆయన నవ్వి, చెయ్యి, తెలుస్తుంది అనేవారు.

నీళ్ళు ఎప్పటికి తయారవుతాయో చెప్పే గడియారం ఏదీ లేదు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. మొదట తీపి, తర్వాత పులుపు, రెండూ తగ్గి వగరు నిలబడ్డ రోజున వాడాలి. ఒక రోజు ముందైనా, ఒక రోజు తర్వాతైనా గోడ బీటలిస్తుంది. ఇదంతా పిల్లకు చెప్పి, నేను నాలుక మీద వేసుకునే చూసేవాణ్ణి అన్నాను. పిల్ల అదే రాసింది. ఎర్రగీత పడింది దాని మీదే.

ఇంజనీరు సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక సత్రం మరమ్మతుకు నాలుగు బానలు నానబెట్టుకుంటే, కొత్తగా వచ్చిన ఇంజనీరు మూత తీయించి, ముక్కు మూసుకుని, ఇది ఏ పుస్తకంలో ఉందయ్యా అని అడిగాడు. ఐదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి, ఏం చెప్పను? నాలుగు బానలూ నా చేతే కాలవలో పోయించాడు. ఆ ఏడాదే నేను ఇంగ్లీషు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. సిమెంటు బస్తాల మీది రాతల దగ్గర మొదలై, పాత కాగితాల కొట్లో దొరికిన ఇంజనీరింగు పుస్తకాల దాకా వెళ్ళాను. ఆయన అడిగిన ఆ పుస్తకమేదో వెతికి పట్టుకోవాలని. ఇప్పటికీ ఆష్‌బర్న్ లైబ్రరీకి వెళ్ళినప్పుడల్లా ముందు ఆ పుస్తకాలుండే అర దగ్గరికే పోతాను. నా కళ్ళబడ్డ పుస్తకాల్లో సున్నం ఉంది, గుడ్డు కూడా ఉంది. మా కరక్కాయ నీళ్ళూ వాటిని రుచి చూసిన నాలుకా మాత్రం లేవు.

ఇప్పుడు మళ్ళీ అదే ప్రశ్న, సముద్రాల అవతల నుంచి, ఈసారి పిల్ల మార్కుల మీద. దిద్దుకుని శుక్రవారంలోగా ఇవ్వచ్చన్నాడు.

"తీసేస్తా తాతా, ఇట్స్ ఓకే. ఒక్క పేరానే కదా," అంది పిల్ల.

మా అమ్మాయి అయితే ఆఫీస్ కాల్ మ్యూట్ చేసి మరీ వచ్చింది. "నాన్నా, ఇది దాని గ్రేడ్. నీ పంతం కాదు. వదిలెయ్."

నేను వదలలేదు. పని చేసినవాడే ఉత్తరం రాస్తే చదువుతారా అని ప్రొఫెసర్‌ను అడగమన్నాను. ఎవరు ఏం చేశారో స్పష్టంగా రాస్తే చదువుతాను, అప్పటిదాకా గడువు పొడిగిస్తాను అని జవాబిచ్చాడట. భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని మూడు రోజులు రాశాను. నాలుగు పేజీలు. అందులో ఇంజనీరు కూడా ఉన్నాడు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని గోంగూర ఒలుస్తుంటే గట్టిగా చదివి వినిపించాను. నాలుక మీద అన్న చోటికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

"ఎవరి నాలుక?"

"అంటే... మనం అంతా..."

"మనం ఎవరండీ? పొద్దస్తమానం చుట్ట నోట్లో ఉండేది. కూరలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు మీకు. మా నాన్న బాన మూత తీస్తే ఎవర్ని పిలిచేవాడు?"

ఆమెనే పిలిచేవారు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆమెనే. పెళ్ళయ్యాక కూడా, చంకలో బిడ్డతో వచ్చి, వేలు ముంచి, కళ్ళు మూసుకుని, ఇవాళ కాదు అనో, కలపండి అనో చెప్పి వెళ్ళిపోయేది. ఆమె చెబితే ఇరవై మంది పని మొదలయ్యేది. నేను ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది ముందు ఈ సంగతి నా నాలుక పేరనే చెప్పుకున్నానో, చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. ఆధారం అడిగినవాడి మీద నేను వారం రోజులుగా ఊగిపోతుంటే, ఆ ఆధారం నా ఎదురుగానే గోంగూర ఒలుచుకుంటోంది.

"మార్చి రాయండి," అంది. "రాశాక మళ్ళీ చదవండి. మీ మీద నాకు నమ్మకం లేదు."

ఆ పేజీ చించేసి మళ్ళీ రాశాను. వానాకాలంలో రెండు రోజులు ఎక్కువ పడుతుందనీ, కొత్త బెల్లమైతే పులుపు తొందరగా ఎక్కుతుందనీ ఆమె చెబుతుంటే రాసుకున్నాను. అన్నేళ్ళు పని చేసీ ఈ రెండు ముక్కలూ నాకు తెలియవు. నేను ఎప్పుడూ అడగలేదు. ప్రపంచంలో అందర్నీ ఎందుకు, ఎలా అని వేధించినవాణ్ణి, ఇంట్లో మనిషిని అడగలేదు. ఫోన్‌లో నేను చదివి వినిపిస్తే, పిల్ల ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి ప్రొఫెసర్‌కు పంపింది.

జవాబు కోసం ఎదురుచూసిన రోజుల్లో సాయంత్రాలు మా వీధి చివర కడుతున్న కొత్త ఇళ్ళ దాకా నడిచి వెళ్ళేవాణ్ణి. ఇక్కడి గోడలు పలకలుగా లారీలో వస్తాయి. పొద్దున్న కర్రల పంజరంలా ఉన్న ఇల్లు సాయంత్రానికి గదులుగా మారిపోతుంది. పనివాళ్ళు చురుకైనవాళ్ళు, నాకు వాళ్ళంటే గౌరవమే. ఎంత నీళ్ళు, ఎంతసేపు కలపాలి అన్నీ బస్తా మీదే అచ్చేసి ఉంటాయి, ఎవరూ ఎవర్నీ పిలవనక్కర్లేదు. వేలితో కొడితే ఆ గోడ బోలుగా మోగుతుంది. మా గోడలు మోగేవి కావు. అవీ చాలామటుకు కూలగొట్టేశారని విన్నాను. కూలగొట్టినప్పుడు ఆ పెళ్ళలు చూసినవాళ్ళెవరికీ, వాటి వెనక ఒక ఆడమనిషి కళ్ళు మూసుకుని నిలబడిన క్షణం ఒకటి ఉందని తెలిసే వీలు లేదు. రాయాల్సింది నేను. నేనే తప్పు రాసుకున్నాను.

సోమవారం పొద్దున్న పిల్ల ఫోన్ చేసి, అమ్మమ్మని కూడా కూర్చోబెట్టు తాతా అంది. తన ముద్దుముద్దు తెలుగులో చదివి వినిపించిన ప్రొఫెసర్ జవాబును నేను సరిచేసి ఇక్కడ రాస్తున్నాను:

"మీ ఉత్తరం అందింది. పేరా ఉంచమని మీ మనవరాలికి చెప్పాను. ఆధారం దగ్గర ముందు మీ భార్య పేరు, తర్వాత మీ పేరు ఉంటాయి. మేము చూసిన చర్చి గోడలకు మరమ్మతులు చేసే పెద్దాయన ఒకరు ఆ ఊళ్ళోనే ఉన్నారు, మీ వయసువారే. మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. కరక్కాయ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. అయినా రెండోసారి చదివించుకుని ఒక ప్రశ్న అడిగారు. అది మీకు కాదు, మీ భార్యకు. నీళ్ళు తయారైన రోజున ఆ సంగతి ఆమెకు నాలుక కొస మీద తెలిసేదా, గొంతు దగ్గర తెలిసేదా?"