ఎడమపక్క డిస్కు
మా చెల్లెలు పోయిన రెండేళ్లకు, ఆమె పాటలు దాచిన పెట్టె ఓ ఉదయం కీచుమని మోగడం మొదలుపెట్టింది.

విజయనగరంలో మా ఇంటి టీవీ వెనక ఉండేది అది. ఇంట్లోవాళ్ల ఫోటోలు, పాటలు ఒకేచోట ఉండాలని తనే కొనిపించింది. లోపల రెండు హార్డ్ డిస్కులు. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది కాబట్టి, ఒకటి పాడైనా భయంలేదని చెప్పింది. మా చర్చి గాయక బృందాన్ని నేను నడిపేవాణ్ణి. అందరికన్నా ముందు వినిపించే గొంతు తనది. పెళ్లై బొబ్బిలి వెళ్లాక కూడా ప్రతి ప్రాక్టీసుకూ వచ్చి, రికార్డు చేసి ఆ పెట్టెలో వేసేది. డెంగ్యూతో ఆమె పోయాక నేను ఒక్క పాటా తెరవలేదు. పెట్టెను ఆపనూ లేదు. దాని సన్నని హోరు వింటుంటే పక్కగదిలో ఎవరో ఉన్నట్టే అనిపించేది.

కంప్యూటర్లో చూస్తే "డిస్క్ 1 పాడవుతోంది, మార్చండి" అని ఉంది. కొత్తది తెచ్చి, ఎడమపక్కదాన్ని లాగేసి, ఆ చోట పెట్టాను. పెట్టె దానంతటదే లోపల మిగిలిన పాత డిస్కులోంచి కొత్తదానిలోకి రాసుకోసాగింది. పదకొండు శాతం దగ్గర ఆగిపోయింది. లోపల్నుంచి, ఎవరో గోటితో తలుపు తట్టినట్టు టిక్ టిక్‌మని చప్పుడు. మళ్లీ మొదలైంది, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారికి ఆమె ఫోల్డరే తెరుచుకోలేదు.

చెల్లెలి భర్తకు ఫోన్ చేశాను. బొబ్బిలిలో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"ఏటీ ముట్టుకోకు బావా. పెట్టె ఆపీ. వస్తన్నాను."

మధ్యాహ్నానికి వచ్చి, వస్తూనే అడిగాడు.

"ఏ డిస్కు తీసినావు?"

"ఎడంపక్కది. ఒకటోది అన్నాది కదా."

అతను పెట్టెను వెలుతురుకు తిప్పి, గూళ్ల పక్కనున్న అంకెలు చూపించాడు. "ఇది సున్నా నుంచి లెక్కెడతాది బావా. ఎడంపక్కది సున్నా. కుడిపక్కది ఒకటి."

"అంటే మంచిదాన్ని పీకేసినానా?"

"మంచిదే. దాన్ని బయట పారీలేదు కదా?"

బీరువాలోంచి తెచ్చిచ్చాను. అతను దాన్ని తిరిగి పెట్టెలో పెట్టలేదు. పెట్టె పొరపాటున దాన్ని చెరిపేస్తుందేమోనన్నాడు. ఓ వైరుతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, దానిమీద ఏమీ రాయకుండా చదవడం మాత్రమే చేయించాడు. ఫోల్డర్లు ఒక్కొక్కటే కనిపించాయి. అన్నీ ఉన్నాయి.

"పలుకుతాదో లేదో సూద్దాం" అని చివరి ఫైలు నొక్కాడు.

ముందు నా గొంతే వచ్చింది. "మళ్లీ. మొదట్నుంచి."

ఆ తర్వాత ఆమె. "అన్నా, ఒళ్లు కాలిపోతన్నాది. కాసేపు కూకుంటాను."

"ఇదొక్కటీ పాడీసి కూకో."

దగ్గు. ఆపైన పాట, ఎక్కడా శ్రుతి తప్పకుండా చివరిదాకా.

జ్వరం సంగతి చెల్లెలు నాకు చెప్పకుండా దాచిపెట్టిందనీ, చెప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ణనీ రెండేళ్లుగా అందరితో అంటూ వచ్చాను. సమాధి దగ్గర ఇతనితోనూ అన్నాను. అబద్ధమని తెలిసి అనలేదు. నిజంగానే మరిచిపోయాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఇంటికొచ్చి సెప్పింది."

"మరి నన్నొక్క మాటా అనలేదేం?"

అతను ల్యాప్‌టాప్ వైపే చూస్తూ అన్నాడు. "ఏటని అంటాను బావా? పొద్దున్న సూద్దాంలే, పడుకో అన్నాను నేను."

సాయంత్రానికి అతను తనతో తెచ్చిన ఇంకో డిస్కుతో కలిపి పెట్టెలో రెండూ కొత్తవే వేసి, పాటలన్నీ ఎక్కించాడు. బస్సుకు బయల్దేరుతూ తనకూ ఒక కాపీ కావాలన్నాడు.

"ఆ చివరిది కూడానా?"

"అన్నీ ఎయ్యి."

వేసిచ్చాను. ఆ ఆదివారమే బృందాన్ని మరొకరికి అప్పగించి వెనక బల్లలో కూర్చున్నాను. గొంతు బాగోలేదని చెప్పాను.

కొన్నాళ్లకు ఫోన్లో, పాటలు వింటున్నావా అని అతన్ని అడిగాను.

"ఆ చివరిదే ఇంటన్నాను బావా. మిగతావన్నీ పాటలే. నీ సెల్లి మాటాడింది అందులోనే."