గోగునార లారీలో శ్రీకాకుళం దారి

1968 జూన్‌లో ఉపాధ్యాయ శిక్షణకు శ్రీకాకుళంలో ఇంటర్వ్యూ అని కార్డు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికల్లా చేరకపోతే సీటు మరొకరికి పోతుంది. తోడుగా మా అత్తయ్య బయలుదేరింది. ఉదయం ఏడింటికి శృంగవరపుకోటలో బస్సెక్కాం. ఎనిమిది కాకముందే ఇంజను ఆగిపోయింది. తరువాతి బస్సు పదకొండుకని కండక్టర్ చెప్పాడు.

వెనుక ట్రైలర్ తగిలించుకుని, గోగునార మోపులతో విజయనగరం వెళ్తున్న లారీ ఒకటి మా కోసం ఆగింది. డ్రైవర్ అప్పలసామి యాభై దాటినవాడు. మా సంగతి విని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ప్రతి మలుపులోనూ లారీని బాగా దూరంగా తిప్పుతుంటే ఎందుకని అడిగాను.

"ఎనకున్నది లోపలికి కోసుకొస్తాదమ్మా. దానికీ దారియ్యాల," అన్నాడు.

తొమ్మిదింపావుకు, గెడ్డ వంతెనకు దిగే పల్లం ముందు, బండి ఆపి వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. మేమూ దిగాం.

"ఏటి బాబూ, ఇక్కడ ఆపేసినావు?" అంది అత్తయ్య.

"లారీనీ ట్రైలర్నీ కలిపే పిన్ను ఇదమ్మా. పైకి లేవకుండా అడ్డమేసే సీల ఎక్కడో రాలిపోనాది. పల్లంలో పిన్ను ఎగిరితే ట్రైలర్ ఎవరి మీదకెల్తాదో!"

"పిన్ను ఊడినా ట్రైలర్ని పట్టుకోడానికి గొలుసుందిగా, నెమ్మదిగా పోనివ్వండి," అని నేనే బతిమాలాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"గొలుసుని నమ్ముకుని దిగనమ్మా. కింద జనం ఉన్నారు, సూడు."

గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు వంతెన మీద సంతకు పోతున్నారు.

ట్రైలర్ చక్రాలకు రాళ్లు ఆనించాడు. లావుపాటి మేకు ఒకటి వెతికి తీసి, పిన్ను రంధ్రంలో దూర్చి, సుత్తితో చివర వంచాడు. రాళ్లు తీయకుండానే లారీని కాస్త ముందుకు లాగి చూశాడు. పిన్ను కదల్లేదు. అప్పుడు రాళ్లు తీసేసి, మమ్మల్ని ఎక్కించుకుని బయలుదేరి, తక్కువ గేరులోనే దిగాడు. సగం పల్లంలో దున్నపోతు ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు వేయగానే వెనుక బరువంతా మమ్మల్ని ముందుకు తోసింది. అయినా ట్రైలర్ పక్కకు పోకుండా లారీ వెనకే తిన్నగా నిలబడింది.

పదకొండుకు విజయనగరం బస్టాండులో దింపాడు. అత్తయ్య ఇవ్వబోయిన రూపాయి పుచ్చుకోలేదు. వెంటనే బస్సు దొరికింది. అరటిపళ్లే భోజనం. రెండుంపావుకు శ్రీకాకుళం చేరాం. సీటు వచ్చింది.

సాయంత్రం ఆమదాలవలసలో ప్యాసింజరు రైలెక్కాం. అత్తయ్య లారీ కథంతా పెట్టెలోవాళ్లకు చెప్పింది. "ఆపొద్దు, పోనీమని గొడవ సేసినాను. ఆ బాబు ఇన్నాడు కాదు, మా మంచికే," అంది. గొడవ చేసింది నేను. ఆవిడ నా వంక చూడనైనా లేదు. మెల్లగా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరి మంచితనం మీద ఆ రోజు నేను శ్రీకాకుళం వెళ్లి వచ్చాను.