ఆదెమ్మ నింపిన టాంకు

బెంగళూరు పక్క హెబ్బగోడిలో మా వఠారం ముందు నీళ్ళ టాంకరు ఆగితే మొదట పరిగెత్తేది ఆదెమ్మే. బిందెలు, బకెట్లు, ఆఖరికి టీ గిన్నెలు కూడా నింపుకుంటుంది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆ ఎండాకాలం బోర్లు ఎండిపోయి స్నానాలు కూడా వాయిదా వేసుకున్నాక మా నవ్వులు ఆగిపోయాయి.

ఆమె మొగుడు మారప్ప కారవాన్ తోలుతాడు. అది చక్రాల మీద చిన్న ఇల్లు. జీపు వెనక తగిలించి లాగాలి. యాత్రలకు పోయేవాళ్ళు అద్దెకు తీసుకుంటారు. వాళ్ళకు వంట చేయడానికి ఆదెమ్మ కూడా వెళ్తుంది. బరువు మితిమీరిందని మారప్ప ఇదివరకే ఒకసారి పట్టుబడ్డాడు. మళ్ళీ దొరికితే లైసెన్సు పోతుందని హెచ్చరించి వదిలారు. అసలే కిడ్నీలో రాళ్ళున్న మనిషి, యాభై దాటిన డ్రైవరు. లైసెన్సు పోతే కూలికి కూడా ఎవరూ పిలవరు.

అందుకే బండి యజమాని రాఘవేంద్ర మరీ మరీ చెప్పాడు: "బండికి కాగితాల్లో రాసిచ్చిన బరువులో మంచాలు, గ్యాసు, సామాను, నీళ్ళు అన్నీ కలిసే లెక్క. లోపలుండే నీళ్ళ టాంకు ఖాళీగా తీసుకుపోయి, అక్కడ చేరినాక నింపుకోండి."

ఆదెమ్మకు ఒళ్ళు మండింది. ఖాళీ బిందె ఎదురొస్తేనే అపశకునమంటారే, ఖాళీ టాంకుతో ఊరు దాటడమా? ఏర్కాడు కొండకు బయలుదేరే ఉదయం మారప్పకు తెలియకుండా అంచుదాకా నింపేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బిందెలు మోసిన మనిషి! నీళ్ళు నెత్తిన ఉంటేనే బరువనుకుంది, పిచ్చిది.

హోసూరు రోడ్డెక్కగానే కారవాన్ వెనక భాగం అటూ ఇటూ ఊగసాగింది. గాలికేమోనని మారప్ప వేగం తగ్గించాడు. అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర అధికారులు ఆపి తూకం వేశారు. బరువు మించింది.

ఆదెమ్మ ముందుకొచ్చింది.

"తప్పు నాదే సామీ. టాంకు నిండుగా ఉండాది."

"ఎక్కువుండేది దించి మళ్ళీ తూచండి. అప్పుడూ తగ్గలేదంటే ఈయప్ప లైసెన్సు ఇక్కడే ఉంటాది" అన్నాడు అధికారి.

ఆదెమ్మ తన చేత్తోనే టాంకు కుళాయి తిప్పింది. నీళ్ళు తారు రోడ్డు మీద పారిపోతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బిందె పట్టుకొచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. టాంకు ఖాళీ అయ్యాక మళ్ళీ తూచారు. ఇంకా కాస్త ఎక్కువే చూపించింది.

అధికారి చేయి చాపాడు. మారప్ప జేబులోంచి లైసెన్సు తీశాడు.

"ఉండప్పా, ఉండు! ఇంగా ఉండాయి" అంటూ ఆదెమ్మ లోపలికి పరుగెత్తింది. మంచం కింద నుంచి రెండు నీళ్ళ క్యాన్లు ఈడ్చుకొచ్చి, మూతలు తీసి రోడ్డు మీద ఒంపేసింది. ఈసారి తూకం సరిపోయింది.

జీపు కదిలాక మారప్ప అరిచాడు. "టాంకు నింపితివి, సరే. దొంగసొమ్ము మాదిరి మంచం కింద దాచేదేందే?"

ఆదెమ్మ కిటికీ వైపు తిరిగింది. "పోయినసారి నొప్పికి ఎట్ల పొర్లినావు? బోరు నీళ్ళు తాగొద్దని డాక్టరమ్మ చెప్పలే? అవి తాగే కావేరి నీళ్ళు. యాత్రోళ్ళు చూస్తే నీకు మిగల్చరని దాస్తి."

మారప్ప ఏర్కాడు చేరేదాకా ఒక్కసారి కూడా దాహమనలేదట.