తలుపుకు వేపమండ

డెంగీ వైరస్ కణంలోకి వచ్చాక తనకని కొత్త గది కట్టుకోదు. కణం లోపలున్న పొరనే నొక్కి చిన్న సంచిలా మలుచుకుంటుంది. ఆ సంచికి సన్నని మూతి ఒక్కటే. కణం కాపలాదారుల కళ్లబడకుండా అందులో తన జన్యువుకు నకళ్లు తీసుకుంటుంది. కోదాడలో డిగ్రీ చదివేటప్పుడు ఆ బొమ్మ వేయడం నాకు సరదాగా ఉండేది.

సూర్యాపేటలో మా ఇంటి నడిమి గదిలో నాలుగేళ్ల బిడ్డతో కూర్చున్నప్పుడు ఆ బొమ్మే గుర్తొచ్చింది. జ్వరంతో పాప ఒంటిమీద ఎర్రటి దద్దు రాగానే అత్తమ్మ "అమ్మ పోసింది" అని తేల్చేసింది. అమ్మవారు పోస్తే మా ఇంట్లో తలుపుకు వేపమండలు కడతారు. పోపు వేయరు, మందు ముట్టరు. స్నానం పోసేదాకా తల్లీబిడ్డా గడప దాటరు. కిటికీ కూడా మూసేశారు. మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మా ఆయనకు ఫోన్ చేస్తే, "అమ్మ చెప్పినట్టు ఇను, జర ఓపిక పట్టు" అన్నాడు.

"ఇది డెంగీ ఏమో అత్తమ్మా. రక్తం సూపియ్యాలె."

"నీ సదువు గడప అవతల పెట్టు. అమ్మ ఇంట్ల ఉండంగ సూదులేందే? నీ మొగనికి పోసినప్పుడు నేను గీ మూలకే కూసున్న. సచ్చిండా?"

మర్నాడు పొద్దున జ్వరం దిగింది. అత్తమ్మ ముఖం వెలిగింది. "సూసినవా, అమ్మ సల్లవడ్డది!"

డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుందని, కాళ్లూచేతులూ చల్లబడటం దాని గుర్తేనని నాకు తెలుసు. పాప పొట్ట పట్టుకుని ముడుచుకుంది.

"ఒక్కసారి దీని కాళ్లు ముట్టి సూడు అత్తమ్మా."

ఆమె కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి ముట్టింది. మంచులా ఉన్నాయి. తలుపు మండలోంచి రెమ్మ విరిచి పాప గౌను జేబులో పెట్టింది.

"దవాఖానకు నడువు. అమ్మ గూడ మన ఎంబడే వస్తది."

పరీక్షలో డెంగీయే తేలింది. ఇప్పుడు వార్డులో, దోమతెర లోపల కూర్చుని ఇది రాస్తున్నాను. తెర అంచులు నలువైపులా పరుపు కింద దోపి ఉన్నాయి. సెలైన్ ఎక్కుతోంది. రెండు వాక్యాలకోసారి పాప పాదాలు ముట్టి చూస్తున్నాను. కాస్త వెచ్చబడ్డట్టే ఉంది, నా అరచేతి వేడేనేమో. పొద్దున మళ్లీ రక్తం తీస్తారట.

బయట స్టూలు మీద కూర్చున్న అత్తమ్మ తెరకు ముఖం ఆనించింది.

"లోపట ఇంకో మనిషికి జాగ ఉన్నదానే?"

తెర కొద్దిగా ఎత్తాను. "దోమ రాకముందే రా అత్తమ్మా."