తల ఊపిన షాటు

మా ఆయన టీవీ వార్తల్లో కెమెరామన్. ఈ మాట చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది, "అయితే టీవీలో కనబడతారా?" అని. కనబడరు. కనబడకుండా ఉండటమే ఆయన ఉద్యోగం. రిపోర్టరు మొహం కనబడుతుంది, వార్తలు చదివే అమ్మాయి జుట్టు కనబడుతుంది. మైకు పట్టుకునే సౌండతనూ, ముక్కలు ఏరి అతికించే ఎడిటరూ, ఏది ముందు వెయ్యాలో ఏది వెనక వెయ్యాలో అరిచి చెప్పే డెస్కు పెద్దా ఎవరికీ కనబడరు. ఇన్నేళ్ల సర్వీసులో మా ఆయన ఒకే ఒక్కసారి తెరమీదికి వచ్చారు, అదీ మోచెయ్యి వరకే. ఏదో తోపులాటలో ఆ చెయ్యి వేరే చానెల్ వాళ్ల ఫ్రేములోకి దూరింది. కూరగాయలు తరుగుతున్న మా అత్తగారు కత్తి పక్కన పెట్టి, "అది మావాడి చెయ్యి" అన్నారు. మోచెయ్యి చూసి మనిషిని పోల్చుకోవడం ఏమిటో నాకైతే ఇప్పటికీ నమ్మకం లేదు.

అత్తగారు పొద్దస్తమానం వార్తలు చూస్తారు. దేశం ఏ గంగలో కలిసినా ఆవిడకి పట్టదు. కొడుకు తీసిన ముక్క ఏదో కనిపెట్టడమే ఆవిడ పని. "ఇది వాడిదే, బొమ్మ వణకలేదు చూడు" అంటారు. రాత్రి భోజనాల దగ్గర ఆయన అవునో కాదో చెప్పి, దాంతోపాటు ఒక పాఠం కూడా చెప్పేవారు. అలా మా ఇంట్లో వంట చేసే ఇద్దరికీ సగం కెమెరా పని వచ్చేసింది.

మొదటి పాఠం గీత. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఉందనుకోవాలట. కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒక పక్కనే ఉండాలి. పొరపాటున దాటిందా, ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ, బస్సు కోసం నిలబడ్డవాళ్లలా కనబడతారు. మా ఆయన ఈ సూత్రం ఇంట్లో కూడా పాటిస్తారు. నాకూ అత్తగారికీ మాటా మాటా పెరిగితే ఒక వారగా నిలబడిపోతారు తప్ప గీత దాటి అడుగు వెయ్యరు.

రెండో పాఠం తల ఊపడం. వీళ్ల దగ్గర ఉండేది ఒకటే కెమెరా. అది మాట్లాడేవాళ్ల మీద ఉంటుంది. వాళ్లు చెప్పిందంతా వెయ్యలేరు కాబట్టి మధ్యలో కొయ్యాలి, కోస్తే బొమ్మ ఎగిరినట్టవుతుంది. అందుకని అంతా అయిపోయి అవతలి మనిషి లేచి వెళ్లిపోయాక, కెమెరా ఇటు తిప్పి రిపోర్టరు వింటూ తల ఊపుతున్నట్టు ఒక ముక్క తీస్తారు. కోసిన చోట దాన్ని అతికిస్తారు. పాపం రిపోర్టరు ఖాళీ కుర్చీకి తల ఊపుతాడు. "ఇది మోసం కాదా?" అని అడిగాను. "ఎక్కడ పెడతామన్నదాన్ని బట్టి" అన్నారు ఆయన.

ఆ 'ఎక్కడ' కోసమే ఆయన ఒక వానాకాలం నీళ్లలో నిలబడ్డారు. ఒక కాలనీలోకి మురుగు వచ్చింది. అక్కడొకామె అధికారిని పట్టుకుని, "మీకు ముందే తెలుసు, తెలిసీ ఊరుకున్నారు" అని కడిగిపారేసింది. అధికారి ఉలకలేదు, పలకలేదు. అయితే అంతకుముందు ఎవరో "మంచినీళ్లు కావాలా సార్?" అంటే ఆ అధికారి తల ఊపిన ముక్క ఒకటి కెమెరాలో ఉంది. దాన్ని తెచ్చి ఆమె మాట పక్కన పెట్టమన్నాడు డెస్కు పెద్ద. నేరం ఒప్పేసుకున్నట్టు ఉంటుంది కదా మరి.

"అది నీళ్లకి ఊపిన తల సార్" అన్నారట మా ఆయన.

"ఎవడికి తెలుస్తుందయ్యా?"

"నాకు తెలుస్తుంది."

ఆ ముక్క ఇవ్వలేదు, చెరిపేశారు. దానికి ప్రతిఫలంగా ఆ సీజనంతా మునిగిన రోడ్లు తీసే డ్యూటీ పడింది. నీళ్లలో నాని పగిలిన పాదాలకి మందు రాస్తూ నేను డెస్కు పెద్దని తిట్టాను, మా ఆయన్ని అంతకంటే ఎక్కువ తిట్టాను. ఆయన పాదం వెనక్కి లాక్కోకుండా, "ఒకడు దేనికి తల ఊపాడో దానికే పెట్టాలి" అన్నారు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గానీ, ఆ మొండివాడి పాదాలకి మందు రాయాల్సిన పని మాత్రం నాలాంటి వాళ్లకే పడుతుంది.

ఇక ఈ మనిషికి ఇద్దరన్నలు. మామగారు పోయాక ఆయన పాత స్కూటరు మెట్ల కింద పడి ఉండేది. అది నడవదు, దాన్ని ఎవరూ నడపరు. ఒకరోజు పెద్ద బావగారు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. రెండో బావగారు వచ్చి, "నన్నొక మాట అడగలేదేం?" అన్నారు. "ఏనాడన్నా దాని మీద దుమ్ము తుడిచావా?" అన్నారు పెద్దాయన. అంతే. చిలికి చిలికి గాలివాన అయింది. అప్పట్నుంచి ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. అమ్మని చూడ్డానికి మా ఇంటికి వస్తారు, కానీ ఒకరి చెప్పులు గుమ్మంలో కనబడితే రెండోవారు అటునుంచి అటే వెళ్లిపోతారు.

అలా ఉండగా అత్తగారికి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఫలితం ముందే చెప్పేస్తున్నాను, ఆపరేషన్ బాగా జరిగింది, ఆవిడ ఇప్పుడు పక్కగదిలో వార్తలు చూస్తున్నారు. మనిషి ప్రాణాన్ని అడ్డం పెట్టి చదివేవాళ్లని బిగబట్టించడం నాకు నచ్చదు. కానీ అప్పుడు మాకు తెలియదు కదా. ఆవిడకీ తెలియదు. "చెయ్యండి నాయనా, కాదనను. నా పెద్దకొడుకులిద్దరూ మాట్లాడుకోవడం ఒక్కసారి కళ్లారా చూసి లోపలికి వెళతాను" అన్నారు.

మా ఆయన అన్నలిద్దరి దగ్గరికీ వెళ్లారు. ఒక్కసారి వచ్చి అమ్మ ముందు కూర్చోమని బతిమాలారు. "ముందు వాణ్ణి రమ్మను" అన్నారు పెద్ద బావగారు. "ముందు ఆయన్ని రమ్మను" అన్నారు రెండో బావగారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం ఉంది.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, "సౌండు నువ్వు చూసుకుంటావా?" అని నన్నడిగారు. ఏం చెయ్యబోతున్నారో నాకు అర్థమైంది. వద్దని అనలేదు. ఆ మొహం చూస్తే అనబుద్ధి కాలేదు.

అత్తగారు పరీక్షల కోసం ఆస్పత్రిలో చేరారు. అమ్మకి చూపించడానికి నాలుగు మాటలు రికార్డు చేస్తానని చెప్పి, ఆయన పెద్ద బావగారిని మా ముందుగదికి పిలిచారు. నేను మైకు పట్టుకున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీలో దిండ్లు పేర్చి, వాటిమీద మనిషి తల ఎత్తుకి వచ్చేలా కుక్కరు పెట్టారు. చూపు నిలకడగా ఉండాలంటే ఎదురుగా ఏదో ఒకటి ఉండాలట.

"ఇదెవర్రా?" అన్నారు పెద్ద బావగారు.

"తమ్ముడనుకో అన్నయ్యా."

"వాడికంటే కుక్కరే నయం. పేలేముందు విజిలన్నా వేస్తుంది."

స్కూటరు సంగతి అడిగితే ఆయన, "అమ్మకుండా ఉండాల్సింది. అమ్మి ఇన్నేళ్లు వీడి చేత మాట పడాల్సి వచ్చింది" అన్నారు. నేను ఆయన కుడిపక్కనుంచి టీ ఇంకొంచెం కావాలా అన్నాను. ఆయనకి చిన్నప్పట్నుంచీ కుడిచెవి వినపడదు. అందుకని మొహం తిప్పి ఎడమచెవి నావైపు పెట్టి, మళ్లీ అడిగించుకుని, వద్దన్నారు. చివర్లో మా ఆయన కెమెరా పక్కనుంచి, "టీ బాగుందా?" అన్నారు. అటు ఎడమచెవే కాబట్టి ఆయన మొహం తిప్పకుండానే తల ఊపారు. ఆ తర్వాత మా ఆయన కాసేపు ఎవరూ మాట్లాడొద్దన్నారు. గది నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకుని, మాటలు కోసిన చోట గొయ్యి తెలియకుండా పోస్తారట. ఆ కాసేపూ పెద్ద బావగారు కుక్కరు వంకే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు వెలుతురులో తేడా రాకుండా అదే వేళకి రెండో బావగారు వచ్చారు. కెమెరా గీతకి అదే పక్కన, కుర్చీ అటుది ఇటు. ఆయన, "నేనూ తొందరపడ్డాను. బుద్ధి తక్కువై ఆయనకి ఒకసారి ఫోన్ కూడా చేశాను" అన్నారు. "ఫ్యాను వెయ్యనా?" అంటే తల ఊపారు.

ఇక అతుకు. "అమ్మకుండా ఉండాల్సింది" అని పెద్ద బావగారు అంటారు, రెండో బావగారు తల ఊపుతారు. "నేనూ తొందరపడ్డాను" అని రెండో బావగారు అంటారు, పెద్ద బావగారు తల ఊపుతారు. మిగతా సగం మాటలు కోసేశారు. సూది దూరే సందు కూడా లేదు. అంత బాగా కుదిరిన పని చూసి మా ఆయన సంతోషపడలేదు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆపరేషన్‌కి ముందురోజు ఆస్పత్రిలో అత్తగారికి చూపించాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చూశారు. మళ్లీ వెయ్యమన్నారు. మళ్లీ చూశారు.

"పెద్దాడికి కుడిచెవి వినపడదు కదరా?" అన్నారు.

మా ఆయన వీడియో ఆపేశారు.

"ఎదుటివాడి మాట వినాలంటే వాడు చెవి తిప్పాలి. వీడు తిన్నగా కూర్చుని తల ఊపాడు. దేనికి ఊపాడు?"

"టీ బాగుందా అన్నానమ్మా."

"టీ ఎవరు పెట్టారు?"

"నీ కోడలే."

"అయితే మొహమాటానికి ఊపి ఉంటాడు" అన్నారు. గుండె ఆపరేషన్‌కి వెళ్లే మనిషి అని ఊరుకున్నాను.

మా ఆయన మంచం పట్టీ పట్టుకుని, "తప్పేనమ్మా. ఎప్పుడూ చెయ్యని పని చేశాను" అన్నారు. ఆవిడ కొడుకు చెయ్యి నిమిరి, "నీకు చేతకాని పని నీకెందుకు? సరే, దీన్ని వాళ్లిద్దరికీ పంపు" అన్నారు.

"అమ్మో. వచ్చి చంపేస్తారు."

"రావాలనేగా చెబుతోంది."

మర్నాడు పొద్దున అత్తగారిని స్ట్రెచర్ మీద ఆపరేషన్ గది వైపు తీసుకెళుతున్నారు. వరండా ఆ చివర్నుంచి పెద్ద బావగారు, ఈ చివర్నుంచి రెండో బావగారు వచ్చేశారు. ఇద్దరూ వచ్చి మా ఆయన మీద పడ్డారు.

"ఏరా, టీకి ఊపిన తల తీసుకెళ్లి వీడి మాటకి పెడతావా?"

"నేను ఫ్యానుకి ఊపాను! ఈయనకి ఊపానా?"

మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నారు. రెండడుగులు పక్కకి, గోడ వారకి జరిగారు. దాంతో అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు ఎదురుపడ్డారు. మొహం తిప్పుకోవడానికి వీలు లేదు, అటు గోడ, ఇటు స్ట్రెచర్.

"పైగా సగం కోసేశాడు" అన్నారు రెండో బావగారు కోపంగా. "నేనన్నది ఫోన్ చేసి తొందరపడ్డానని."

"ఏ ఫోను? నాకెప్పుడు చేశావు?" అన్నారు పెద్ద బావగారు.

"నీ కంటి ఆపరేషన్ అప్పుడు. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తావా?"

"కళ్లకి కట్టు కట్టి పడుకోబెడితే, చేసింది ఎవరో నాకెలా కనబడుతుందిరా?"

"వదినన్నా చూడొచ్చుగా?"

"మీ వదిన మందులకి వెళ్లింది!"

నర్సు వచ్చి గొంతులు తగ్గించమంది. రెండో బావగారు తల వంచుకుని గొణిగినట్టు ఏదో అన్నారు. అప్పుడు పెద్ద బావగారు అలవాటు కొద్దీ మొహం పక్కకి తిప్పి, ఎడమచెవి తమ్ముడి వైపు పెట్టారు.

"ఏమన్నావు?"

"ఎలా ఉందో అడుగుదామని చేశానన్నాను."

పెద్ద బావగారు కాసేపు ఆ చెవి అలాగే ఉంచారు. తర్వాత తల ఊపారు.

మా ఆయన చేతిలో కెమెరా లేదు. ఫోను జేబులో ఉన్నా తియ్యలేదు. అత్తగారు స్ట్రెచర్ మీంచి ఆయన వైపు చూసి, "ఇది టీకి కాదు" అన్నారు. ఇక పోనివ్వమని నర్సుకి చెయ్యి ఊపారు. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను.